కార్తీకంలో పిల్లికి పెట్టిన పాలన్నం

ఇవాళ పొద్దున్నే మావారి అక్కగారు మా గడపలో నిలబడి, "ఏమ్మా, అప్పట్లో పిల్లికి చూసేదానివే, ఆ షుగర్ మిషను ఇంకా ఉందా?" అని అడిగింది. తనకు షుగరు వచ్చిందట, రక్తం చూసే పట్టీలు కూడా కొత్తవి కొనుక్కొచ్చింది. ఎంత మామూలుగా అడిగిందో చూడండి! ఉంది వదినా అన్నాను గానీ, ఒళ్ళు మండిపోయింది, బీరువా తలుపు తీసేలోగా మనసు ఆ కార్తీకమాసానికి పోయింది.

మన చిన్నతనంలో పిల్లికి వైద్యం చేయించిన వాళ్ళను మీరూ నేనూ ఎరగం. ఎలుకల కోసం పిల్లిని ఉండనిచ్చేవాళ్ళం, మిగిలిన మెతుకులు వేసేవాళ్ళం, అంతే. కొన్నేళ్ళ కిందట మా బూడిదరంగు పిల్లి, పత్తి నింపిన బోరాల సందున పుట్టి, పాలన్నం తిని బొద్దుగా పెరిగి, ఉన్నట్టుండి చిక్కిపోసాగింది. ఎన్ని నీళ్ళు పెట్టినా తాగేది, వెనకకాళ్ళు ఈడ్చేది. బుట్టలో పెట్టుకుని చిలకలూరిపేట తీసుకుపోతే పశువుల డాక్టరమ్మ రక్తం చూసి, షుగరని చెప్పింది. గేదెలు తోలుకొచ్చిన వాళ్ళు పగలబడి నవ్వారు. "షుగరా! ఇంక పిల్లికి కాఫీలో చక్కెర తగ్గించు పిన్నీ!" అన్నాడొకడు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పిల్లి ఒంటికి మాంసమే తిండి, అన్నం, పాలు, బెల్లం దగ్గరికే రానివ్వొద్దంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టి రెండు పూటలా ఇన్సులిన్ సూది వేయమంది. ఇంట్లోనే రక్తం చూడటం నేర్పింది. చెవి అంచును అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి, సన్నటి సూదితో గుచ్చి, పైకి తేలిన బొట్టుకు పట్టీ తాకించాలి. వయసు మళ్ళాక సాయంకాలం బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. ఎవరినీ అడగకుండా, నా అవసరానికి నేనే చదువుకున్నవి ఆ మిషను మీది అంకెలే. అవి రోజురోజుకీ దిగుతుంటే, పిల్లి మళ్ళీ గోడెక్కి కూర్చుంటే, నాకెంత సంబరమో చెప్పలేను.

అంతలో కార్తీకం వచ్చింది. దీపాలు పెట్టుకోవడానికి వదిన మా ఇంటికొచ్చింది. ఆ నెలంతా మా ఇంట్లో నీసు ముట్టరు. అందుకని పెరట్లో మూడు ఇటుకల మీద, వేరే గిన్నెలో పిల్లి కూడు ఉడికించి మూతపెట్టి, మధ్యాహ్నం దానికి పెట్టమని ఇంట్లో చెప్పి, పత్తి తీతలకు కూలీలతో పాటు పొలం పోయేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే గిన్నె ఖాళీగానే ఉండేది, కానీ అంకెలు పైకి పోతుండేవి. నా చెయ్యి సరిగా గుచ్చడం లేదేమో, మిషను పాడైందేమో అని కుమిలిపోయాను. మళ్ళీ పేట పోయి, కోడిమాంసం తప్ప దానికింకేమీ పెట్టడంలేదని డాక్టరమ్మకు ఒట్టేసి మరీ చెప్పాను.

ఒకనాడు వాన పట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వదిన అరుగు మీద కూర్చుని బెల్లం కలిపిన పాలన్నం ముద్దలు చేసి పెడుతోంది, పిల్లి ఆత్రంగా తింటోంది. నేనుడికించిన మాంసం రోజూ గోడవతల కుక్కలకు పోయేదట.

"ఏంది వదినా ఇది?"

"ఏందమ్మా అట్టా గుడ్లురుముతావు? దీపాలు పెట్టే కొంపలో నీసేంది? ఒక్క నెల పిల్లి కూడా పథ్యం ఉంటే పుణ్యమేగా! నువ్వేమో మాంసం తినిపించి, సూదులు పొడిచి, మూగజీవాన్ని చంపుతున్నావు!"

మావారు అక్కడే మంచం మీద ఉన్నారు. ఆయనకు మొదటినుంచీ తెలుసు. అక్కను ఒక్క మాట అనలేక, నన్ను అన్ని రోజులూ ఆ మిషను ముందు ఏడవనిచ్చారు. ఆ కోపం నాకు ఈనాటికీ తీరలేదు. తీరాలని కూడా లేదు.

మళ్ళీ మాంసం మొదలుపెట్టినా షుగరు దిగక, పౌర్ణమి దాటకముందే పిల్లి పోయింది. దాని ఆయువు అంతేనంది వదిన, చేతులు కడుక్కుంటూ.

ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా ఈ మిషనుంది, మిర్చి ధర చెప్పుకున్నట్టు అరుగుల మీద అందరూ తమ షుగరు చెప్పుకుంటున్నారు. వదినకు కోడలు కొర్రన్నం కొలిచి పెడుతోంది, స్వీట్లు దాచేస్తోంది. "పాపం, నోరు కట్టేస్తున్నారు, ఓ బెల్లం ముద్ద పెడదాం" అని ఇప్పుడు ఎవరూ అనడంలేదు. అప్పటి కాలానికి ఈపాటి తెలివిడి ఉంటే ఎంత బాగుండేది!

మిషను తెచ్చి వేలికి సూది తాకించగానే వదిన "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను ఆ వేలు మళ్ళీ పట్టుకుని, అరచేతిలో వెచ్చబెట్టాను. మా పిల్లి మాత్రం నేను మిషను తీయగానే తనంతట తానే వచ్చి, ఒళ్ళో కూర్చుని, చెవి ఇచ్చేది.