హీరో బతికాడా, పోయాడా?

తిరువూరులో పని మధ్యాహ్నానికే అయిపోవడంతో మ్యాట్నీకి వెళ్ళాను. అక్కడి హాలు యజమాని ఆ నెలంతా ఒకరోజు కొత్త సినిమా, ఒకరోజు పాత సినిమా ఆడిస్తున్నాడు. నేను వెళ్ళిన రోజు నలుపు తెలుపు సినిమా.

నా పక్క సీట్లలో పెనుగొలను నుంచి వచ్చిన రిటైరైన మాస్టారు, ఆయన భార్య కూర్చున్నారు. పెళ్ళయిన కొత్తలో ఇదే సినిమా చూశారట. చివర్లో హీరో చనిపోతాడని ఆవిడ, బతుకుతాడని ఆయన, అప్పటి నుంచీ తగువే.

“ఈయనకేం తెలుసండీ? ఆ రోజు సగం సినిమా గురకపెట్టి నిద్రపోయారు,” అందావిడ.

“ఇవాళ తేలిపోద్దిగా,” అన్నారు మాస్టారు.

ఇంటర్వెల్ తర్వాత మాస్టారు తల వాల్చేశారు. తెర మీద హీరో కత్తిపోటు తిని పడిపోయాడు. నేను నా బస్సు సంగతే మరిచిపోయాను. చివరికి హీరో కళ్ళు తెరిచి నవ్వాడు.

ఆవిడ గబుక్కున నా వైపు వంగి, “బాబూ, పోయాడని చెప్పండి, మీకు పుణ్యముంటుంది,” అంది.

లైట్లు వెలిగాయి. మాస్టారు కళ్ళు నులుముకుంటూ, “ఏమైందండీ?” అని నన్నే అడిగారు.

ఆవిడ ముఖం చూసి, “పోయాడండీ,” అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. “నేను మేలుకునే ఉన్నానండీ. అయినా పోయాడనే అనుకుందాం. వాడు బతికాడంటే ఇంట్లో నాకు బతుకుండదు.”