అత్త వద్దన్న కొత్త కంప్యూటర్

మా మేనత్త రెండు వారాల కిందట కన్నుమూసింది. ధర్మవరం నుంచి మా నాయన ఫోన్ చేసి, "అత్త పొద్దున లేయలేదు పాపా" అన్నాడు. నేను పాఠాలు చెప్పే కంబదూరు బడిలో సెలవు పెట్టి బస్సెక్కాను. బత్తలపల్లె దాటేదాకా నాకు ఏడుపు కూడా రాలేదు.

అత్త పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేది. ఆమె గీసినదాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గానికెక్కితే అంచులో పువ్వు దిగుతుంది. మామ ఈ పని గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో చేసేవాడు. ఆయన పోయాక ఇంట్లో అందరూ ఇక చాలన్నారు. ఆమె మాత్రం సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి తెచ్చుకుని, నడివయసులో మౌస్ పట్టడం నేర్చుకుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ కంప్యూటర్ ముసలిదైంది. స్విచ్ వేసి, ఎసరు పెట్టి, బియ్యం కడిగి వచ్చినా తెర వెలిగేది కాదు. గీస్తూ ఉండగానే బిగుసుకుపోయేది. "బిగుసుకో, బిగుసుకో. నేనూ ఈడే కూర్చుంటా, యాడికీ పోను" అని దానితో పంతానికి దిగేది అత్త.

అలాంటప్పుడే ఆమెకు పని ఇచ్చే పట్టు షావుకారు ఒకాయన ఇంటికి వచ్చాడు. సెలవులకు వచ్చిన నేను వంటింట్లో ఉన్నాను.

"ఏమక్కా, ఇంకా ఈ డబ్బాతోనేనా? కొత్తది పంపిస్తా. నువ్వు దుడ్లేమీ ఇయ్యాల్సిన పనిలేదు. ఒకటే మాట. ఇంక నీ డిజైన్లు నాకు తప్ప ఎవరికీ ఇయ్యొద్దు."

అత్త వాకిలి అవతలికి చూసింది. ఆ వీధిలో ఒకటీ రెండూ మగ్గాలతో బతికే ఇళ్లన్నీ ఆమె అంచులే నేసేవి.

"కాఫీ తాగిపో అన్నా" అంది చివరికి. "కంప్యూటర్ మాత్రం వద్దు."

ఆయన వెళ్లాక నేను ఊరుకోలేక, "పోనీ నేను కొనిస్తా" అన్నాను.

"నీది గూడా వద్దులేమ్మే. ఊరికే ఇచ్చిన ఎద్దు పలుపు ఇచ్చినోని చేతిలోనే ఉంటాది."

మరునాడు ఇద్దరం ఆ కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టుకుని అనంతపురంలోని రిపేరు షాపుకు తీసుకుపోయాం. షాపు అతను చూడగానే, "దీన్ని తూకానికి వేసేయండమ్మా, కొత్తది చూపిస్తా" అన్నాడు.

"ముందు మూత తియ్యప్పా. ముసలిదైంది మొత్తమా, లోపల ఏదన్నా ఒకటా, అది చెప్పు."

అతను నవ్వి మూత తీశాడు. దుమ్ము ఊదాడు. హార్డ్ డిస్క్ చావుకు దగ్గరగా ఉంది, మెమరీ చాలడం లేదు, మిగతాదంతా బాగానే ఉందన్నాడు. "ఆ రెండే మార్చు" అంది అత్త.

పాత డిస్క్‌లోని డిజైన్లను కొత్తదానిలోకి ఎక్కిస్తుంటే కొన్ని రాలేదు. మామ కాగితాల్లోంచి ఆమె ఎక్కించుకున్న పాత అంచులు అవి. కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆమె ఓడిపోయిందేమో అని నాకు అనిపించిన రోజు అదొక్కటే.

మర్నాడు వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. "నీ పెండ్లి చీర తియ్యే, దాని అంచు మా ఆయన గీసిందే" అని అడిగి తెచ్చుకుంది. మంచం నిండా పాత చీరలు పరిచి, భూతద్దం పెట్టి పోగు పోగూ చూసుకుంటూ ఆ అంచులన్నీ మళ్లీ గీసింది. చీరలిచ్చిన ఆడవాళ్లు పక్కనే కూర్చుని తమ పెళ్లి కబుర్లు చెప్పేవాళ్లు.

షావుకారు ఆమెకు పని ఆపేశాడు, తెలిసినవాళ్ల చేతా ఆపించాడు. "ఆపనీ. నా చెయ్యి ఆపలేడు గదా" అంది అత్త. ఆ ఏడాది ఇల్లు ఇరుకుగానే గడిచింది. వీధివాళ్లు మాత్రం ఆమెను వదల్లేదు. మెల్లగా పక్క ఊళ్ల నుంచీ నేతగాళ్లు రావడం మొదలుపెట్టారు.

కొన్నేళ్లకు ఆ కంప్యూటర్ నిజంగానే చచ్చిపోయింది. అత్త ఒక్క పూటైనా దిగులుపడలేదు. తన సంపాదనతో కొత్తది కొనుక్కుంది. "దాని మీద అంత ప్రేమ పెట్టుకున్నావు కదా అత్తా" అన్నాను.

"ప్రేమేందే, అదేమన్నా నేను కన్న బిడ్డనా? ఆ పొద్దు నేను వద్దన్నది కంప్యూటర్‌ని కాదు, ఆ షావుకారి పెత్తనాన్ని."

ఆమెను మొండిది అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననీ. ఆ మొండితనం వల్ల ఎన్ని పొయ్యిలు వెలిగాయో ఆ వీధికి తెలుసు.

కర్మ అయిపోయిన మరుసటి రోజు పొద్దున్నే ఎదురింటికి వెళ్లాను. అత్త చివరగా గీసిన అంచు వాళ్ల మగ్గం మీద ఉంది. మన మెట్టచేలల్లో తిరిగే కౌజుపిట్టల వరుస అది. ఒక పిట్టకు ముక్కు, మెడ వచ్చాయి. రెక్క ఇంకా రావాలి. ఆ ఇంటి ఇల్లాలు నన్ను చూసి కూర్చోమని పీట జరిపింది. మగ్గంలో కూర్చుని కాలితో తొక్కుడు కర్ర నొక్కింది.