వాడని కరెంటుకు వేలంపాట

గురజాల చుట్టుపక్కల ఏది వేలానికొచ్చినా షాకిర్ రాకుండా పాట మొదలయ్యేది కాదు. చెరువులో చేపలు, రోడ్డు పక్క చింతచెట్ల కాపు, పంచాయతీ వాళ్లు వదిలించుకోవాలనుకున్న తుప్పు ట్యాంకరు, వినాయకుడి లడ్డూ, ఏదైనా సరే, మెడలో తువ్వాలు వేసుకుని బల్లెక్కి నిలబడ్డాడంటే జనం టీ గ్లాసులు కింద పెట్టేవాళ్లు. కుర్రతనంలో బస్టాండులో నిలబడి "మాచర్ల, మాచర్ల" అని ఆటోలకు మనుషుల్ని పిలిచేవాడు. ఆ గొంతే తర్వాత అన్నం పెట్టింది. అయితే అతని పనితనమంతా గొంతులో లేదు, చూపులో ఉంది. ఎవరి చెవులు ఎర్రబడుతున్నాయో, ఎవరి పక్కన బావమరిది కూర్చుని మోచేత్తో పొడుస్తున్నాడో కనిపెట్టేవాడు. "రెండోసారి" అన్నాక మూడోసారి అనడానికి ముందు తీరిగ్గా మంచినీళ్లు తాగేవాడు. ఆ నీళ్లు గొంతు దిగేలోపు ధర ఎంతో కొంత పైకి లేవాల్సిందే.

అలాంటివాడి దగ్గరికి ఓ ఎండాకాలం కరెంటాఫీసు ఏఈ రోహిణి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ముఖమంతా చెమట, చేతిలో హెల్మెట్.

"షాకిర్ గారూ, మీరొక వేలం నడిపించాలి."

"దానికేం మేడమ్! ఏం అమ్మాలి? పాత ట్రాన్స్‌ఫార్మర్లా?"

"అమ్మటం కాదండీ, కొనాలి."

"ఏంది కొనేది?"

రోహిణి కాసేపు ఆలోచించింది. ఎలా చెప్పినా బాగుండదని అర్థమై ఉన్నదున్నట్టు చెప్పేసింది. "కరెంటు వాడకపోవటం."

సంగతేమిటంటే, ఎండాకాలం సాయంత్రాలు అందరూ ఒకేసారి ఏసీలు, మోటార్లు వేస్తే లైన్లు తట్టుకోవటం లేదు. బయటినుంచి కరెంటు కొనాలంటే ధర మండిపోతోంది. అంతకంటే మిల్లులవాళ్లు ఆ రెండు గంటలూ మిషన్లు ఆపుకుంటే, ఆపినందుకు వాళ్లకే డబ్బులివ్వటం నయం. ఎవరు తక్కువ ధరకు ఆపుతామంటే వాళ్ల దగ్గర కొనాలి. ఈ వేలాన్ని ఏర్పాటుచేసే బాధ్యత రోహిణి మీద పడింది. మొదట ఫోన్‌లో యాప్ పెట్టింది. అందులో ధర రాయమన్న గడిలో అందరూ తమ ఫోన్ నంబర్లు రాశారు. కంప్యూటరు వాటిలో అన్నిటికంటే చిన్న నంబరు ఎవరిదో చూసి ఆయన గెలిచాడని ప్రకటించింది. ఆయన ఊళ్లో పిల్లలకు డ్రాయింగు చెప్పుకునే మాస్టారు. పాపం, ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ఆపేసుకుని సాయంత్రమంతా అరుగు మీద కూర్చున్నాడు.

"అందుకే మనిషి చేత పాట పాడిద్దామని" అంది రోహిణి. "కాకపోతే ఇందులో ధర పైకి పోకూడదు, కిందికి రావాలి."

షాకిర్ సరేనన్నాడు గాని ఇంటికెళ్లాక తెలిసింది, నాలుక తిరగటం లేదు. ఇరవై అన్నాక నోరు దానంతటదే ఇరవై రెండు అంటోంది. భార్య అఫ్రీన్ ఎదురుగా కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. ఆమె మీదే సాధన చేద్దామనుకున్నాడు.

"ఇదిగో, ఈ పూట నువ్వు వంట చెయ్యకుండా ఉండాలంటే నేనెంతియ్యాల?"

"ఏందయ్యా, పిచ్చి గానీ పట్టిందా?"

"పాట పాడవే! ఎంతకి మానుకుంటావు?"

అఫ్రీన్ కత్తిపీట పక్కన పెట్టింది. "మరి నేను రోజూ వండేదాన్ని కాబట్టి మానుకుంటే విలువ. జన్మలో పొయ్యి ముట్టని మీ తమ్ముడొచ్చి, నేను కూడా వండను, నాకూ ఇయ్యమంటే?"

షాకిర్ వెంటనే రోహిణికి ఫోన్ చేసి అదే అడిగాడు. దానికో లెక్క ఉందనీ, గడిచిన రోజుల్లో ఎవరెంత వాడారో మీటరు చూసి, అంతకంటే ఎంత తగ్గిస్తే దానికే డబ్బిస్తామనీ ఆమె చెప్పింది. షాకిర్ తృప్తిగా తలూపి ఫోన్ పెట్టేసేసరికి అఫ్రీన్ తరగని బీరకాయలు గంపలో వేసేసి టీవీ ముందు కూర్చుని ఉంది. "ఊరికే మానుకున్నాలే, పో" అంది. ఆ పూట ఇద్దరూ బస్టాండు దగ్గర బండి మీద దోసెలు తిన్నారు.

వేలం రోజు సబ్‌స్టేషన్ ఆవరణలో టెంటు వేశారు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. చాలామంది చూడటానికొచ్చారు గాని పాడటానికి వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ముఖ్యులు ముగ్గురు. పిడుగురాళ్ల రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజి ఉన్న సుధాకర్ ఒకడు. దానికి సరిగ్గా ఎదురుగా పత్తి జిన్నింగు మిల్లున్న వెంకట సాయి రెండోవాడు. సాయి భార్య సుధాకర్‌కు స్వయానా చెల్లెలు. పెళ్లినాటి నుంచీ ఈ బావలిద్దరికీ ప్రతిదానికీ పోటీయే. ఒకరు గేటుకు సింహం బొమ్మలు పెట్టిస్తే రెండోవాళ్లు ఏనుగుల్ని పెట్టించారు. కిందటేడు లడ్డూ పాటలో వీళ్లిద్దరి మధ్య షాకిర్ ఏకంగా మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. మూడో మనిషి ఫిలోమినా, ఐసు ఫ్యాక్టరీ యజమానురాలు. భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. రెండు గంటలు మిషను ఆపితే ఎన్ని దిమ్మలు తగ్గుతాయో, ఎంత నష్టమో లెక్క వేసుకుని వచ్చింది.

షాకిర్ బల్లెక్కాడు. "సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, వాడని కరెంటు! యూనిట్‌కి ఇరవై రూపాయలు సర్కారు పాట! ఎవరు తగ్గిస్తారు?"

"ఇరవై రెండు!" అన్నాడు సాయి అలవాటుకొద్దీ.

"బావకి తగ్గటం తెలవదుగా" అని సుధాకర్ నవ్వాడు. "రాసుకో షాకిర్ భాయ్, పదిహేను."

సాయి చెవులు ఎర్రబడ్డాయి. "పన్నెండు."

"ఎనిమిది" అంది ఫిలోమినా. "అంతకి తగ్గితే నాకు గిట్టదు."

తర్వాత పాట ఆమె చేతుల్లోంచి జారిపోయింది. బావలిద్దరూ లేచి నిలబడ్డారు. ఐదు అంటే మూడన్నారు. మూడంటే రూపాయన్నారు. షాకిర్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, "రూపాయి... ఒకటోసారి... రెండోసారి..." అని నీళ్లు తాగాడు. అతను గ్లాసు దించేలోపు సుధాకర్ గట్టిగా అరిచాడు.

"నాకు నయాపైస వద్దు! ఊరికే ఆపుతా!"

జనం చప్పట్లు కొట్టారు. సాయి కుర్చీని వెనక్కి తన్ని ముందుకొచ్చాడు. "నేను ఆపి, ఎదురు రెండు రూపాయలిస్తా!"

"నేను మూడిస్తా!"

రోహిణి బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "షాకిర్ గారూ, ఆపండి! మైనస్ రూపాయలు మా కంప్యూటరు తీసుకోదు!"

"నేనేం చెయ్యను మేడమ్, పాట ఊపులో ఉంది!"

ఫిలోమినా లేచి కొంగు దోపుకుంది. "ఒరేయ్ సుధాకరూ, నీ మిషన్లు ఆపటానికి నువ్వే డబ్బులు కట్టేదేందిరా? ఆఫీసోళ్లు పిలవకముందే ఆపుకోలేకపోయావా? మీ మధ్యన బతకటానికొచ్చినోళ్లం ఏమైపోవాల?"

దాంతో కొంచెం చల్లబడింది. రోహిణి మైకు తీసుకుంది. ఇద్దరి పాటనూ సున్నాగా రాసుకుంటున్నాననీ, వాళ్లిద్దరూ ఆపినా తమకు కావలసినంత కరెంటు మిగలదనీ, ఫిలోమినా గారిది కూడా కలిస్తేనే సరిపోతుందనీ చెప్పింది. తర్వాత అసలు బాంబు పేల్చింది. "మా పద్ధతిలో అందరికీ ఒకే ధర. ఆఖరున ఎవరి పాటతో సరిపోతుందో, ఆ ధరే అంతకంటే తక్కువకు పాడినవాళ్లకూ ఇస్తాం. కాబట్టి సుధాకర్ గారికీ, సాయి గారికీ కూడా యూనిట్‌కి ఎనిమిది రూపాయలు వస్తాయి."

డబ్బులొస్తున్నాయని విన్న మనుషుల ముఖాలు అంతగా వాడిపోవటం షాకిర్ ఎన్నడూ చూడలేదు.

"నలుగుర్లో ఊరికే ఇస్తానన్నాక డబ్బులెట్టా తీసుకుంటామ్మా?" అన్నాడు సుధాకర్. "అవమానం కాదా?"

"తీసుకోవాలండీ. రూలు."

సరే, ఆ సాయంత్రం ఆరు కొట్టేసరికి ఫిలోమినా ఐసు మిషను ఆపింది. ఎనిమిదికి మళ్లీ వేసుకుని తన పని తాను చూసుకుంది. రోడ్డు మీద మాత్రం వేరే వ్యవహారం నడిచింది. కోల్డ్ స్టోరేజీ, మిల్లూ ఎదురెదురుగా చీకటిగా నిలబడ్డాయి. రెండు గేట్ల దగ్గరా కుర్చీలు వేసుకుని బావలిద్దరూ ఒకరి ప్రహరీ మీద ఒకరు కన్నేసి కూర్చున్నారు. సాయి ఆఫీసు కిటికీలో వెలుతురు కనపడితే సుధాకర్ లేచి అరిచాడు. అది ఇన్వర్టరు బల్బని సాయి బదులిచ్చాడు. "ఇన్వర్టరు మాత్రం దేంతో ఎక్కింది, కరెంటుతో కాదా?" అని సుధాకర్ అడిగాడు. అదీ ఆపేశారు. కాసేపటికి సాయి మిల్లు వాచ్‌మన్ తన సెల్‌ఫోన్ లైటు కూడా ఆర్పేశాడు.

ఎనిమిదయ్యాక రోహిణి ఇద్దరికీ ఫోన్ చేసింది. "అయిపోయిందండీ, వేసుకోవచ్చు."

"బావ వేశాడా?" అని ఇద్దరూ ఒకే మాట అడిగారు. లేదని తెలిశాక ఇద్దరూ ఫోన్ పెట్టేశారు.

తెల్లారింది. మిషన్లు తిరగలేదు. మిల్లులో పత్తి దించాల్సిన ముఠా కూలీలు ఖాళీగా కూర్చుని చుట్టలు కాల్చుకుంటున్నారు. స్టోరేజీలో మిర్చి పెట్టుకున్న రైతులు మోటారు సైకిళ్ల మీద దిగబడ్డారు. గోడలు మందం కాబట్టి ఒక్క రాత్రికి సరుకుకేం కాదని సుధాకర్ అన్నాడు గాని, వాళ్లు వినే స్థితిలో లేరు. సాయి భార్య రెండు గేట్లకూ నడుమ రోడ్డు మీద నిలబడి మొగుణ్ణీ అన్ననూ కలిపి తిడుతోంది. రోహిణి ఇటు పరుగెత్తి, అటు పరుగెత్తి, చివరికి షాకిర్‌ను బండి వెనక ఎక్కించుకొచ్చింది.

షాకిర్ రెండు గేట్లూ చూశాడు. ఇద్దరి చెవులూ చూశాడు. పక్కనున్న మిర్చి టిక్కీ బస్తా మీదికెక్కి గొంతు సవరించుకున్నాడు.

"మొదట స్విచ్చి వేసే గౌరవం!" అని కేకేశాడు. "పల్నాడులో మొట్టమొదటి వాడని కరెంటు వేలం అయిపోయింది. దాని తర్వాత మొదటి మిషను తిప్పే మర్యాద ఎవరిది? ఈసారి పైకే పాట! సొమ్ము ముఠావాళ్లకి, రాత్రి నుంచి పని పోగొట్టుకున్నందుకు!"

ఆ మాటలు పలుకుతుంటే అతని ప్రాణం లేచొచ్చింది. పైకి! ఎన్ని రోజుల తర్వాత!

సుధాకర్ కుర్చీలోంచి లేచాడు. సాయి చెప్పులేసుకున్నాడు. వెయ్యితో మొదలైన పాట చూస్తుండగానే, కరెంటాఫీసు ఇవ్వబోయే డబ్బును దాటిపోయింది. ముఠా మేస్త్రీ నూర్ మొహమ్మద్ చుట్ట పారేసి చేతులు కట్టుకుని ఒక్కో అంకెకూ తల ఊపుతున్నాడు. చివరికి పాట సాయికి దక్కింది. ఎవరో పూలదండ కూడా తెచ్చారు. సాయి దండతో లోపలికెళ్లి, జనమంతా చూస్తుండగా మెయిన్ స్విచ్చి పైకి లేపాడు.

ఏమీ కాలేదు.

మళ్లీ దించి లేపాడు. ఊహూఁ.

రోహిణి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది. అవతల లైన్‌మన్ తాపీగా చెప్పాడు. "రాత్రి నుంచీ ఆ ఫీడరు మీద లోడే లేదు గదా మేడమ్. ఎట్టాగూ ఎవరూ వాడటం లేదని లైనాపి చెట్టు కొమ్మలు కొట్టించుకుంటున్నాం. ఇంకాసేపు."

"స్విచ్చి వేసినా మిషను తిరగలేదు. కాబట్టి పాట చెల్లదు" అని సుధాకర్ మొదలుపెట్టాడు. చెల్లుతుందని సాయి. ఆ గొడవలో పడి అందరూ మిల్లు వైపే చూస్తున్నారు. అదను చూసి రైతులు సుధాకర్‌ను పక్కకు లాగి, దణ్ణం పెట్టి, నీ స్విచ్చి కూడా వేసి ఉంచయ్యా, కరెంటొచ్చినప్పుడు వస్తుంది అని బతిమాలారు. అతనికీ లోపల మిర్చి మీద దిగులుగానే ఉంది. ఎవరూ చూడకుండా వెళ్లి లేపి వచ్చాడు.

కాసేపటికి లైనొచ్చింది. రోడ్డుకు అటువైపు జిన్నింగు మిషన్లూ, ఇటువైపు కంప్రెసర్లూ ఒక్క క్షణంలో గర్రుమన్నాయి. బావలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుధాకర్ మీసం కింద నవ్వు ఆపుకోలేకపోయాడు. సాయికి ముందు కోపమొచ్చింది, తర్వాత అతనికీ నవ్వొచ్చింది. పూలదండ తీసి బావ మెడలో వేశాడు.

"మరి గౌరవం ఎవరిదయ్యా?" అన్నాడు నూర్ మొహమ్మద్. "ఇద్దరూ మొదటోళ్లే గదా. అయితే ఇద్దరూ ఇయ్యాల్సిందే." రైతులు అవునన్నారు. సాయి భార్య అందరికంటే గట్టిగా అవునంది. ఇద్దరూ ఇచ్చారు.

తర్వాతి వేలాన్ని రోహిణి మూసిన కవర్లతో పెట్టింది. ఎవరి ధర ఎవరికీ తెలియదు, అరుపుల్లేవు. షాకిర్‌కు ఊరూరా తిరిగి అది ఎలా పాడాలో చెప్పే పని ఇచ్చింది. "మీకెంతైతే గిట్టుద్దో నిజంగా అదే రాయండి. తక్కువ రాసి గొప్ప కోసం పోవాకండి, ఎక్కువ రాసి పోగొట్టుకోవాకండి" అని అతను ఎడ్లపాడులో చెప్పాడు, వినుకొండలో చెప్పాడు. చెప్పేటప్పుడు మాత్రం చేతులు ఊరుకోక గాల్లో పైకే లేచేవి.

ఫిలోమినా ఆ వేసవంతా పాల్గొంది. మిషను ఆగిన సాయంత్రాలు ఫ్యాక్టరీ ముందు నీళ్లు చల్లి నులకమంచం వేసుకుని కూర్చునేది. ఓ రోజు షాకిర్ అటుగా పోతూ ఆగితే అరుగు మీద కూర్చోబెట్టి చల్లని నిమ్మకాయ నీళ్లిచ్చింది.

"ఇన్నేళ్లలో ఈ టైముకి నేను ఇట్టా కూర్చోటం ఇదే, భాయ్" అంది. "మిషను మోతలో మా వీధిలో పిల్లలున్నారనే తెలవలా నాకు."

షాకిర్ చెవి పెట్టి విన్నాడు. నిజమే, పక్క సందులో ఎవరో ఎక్కాలు చదువుతున్నారు. గ్లాసు ఖాళీ అయినా అతను లేవలేదు. ఇంకో మంచం వెయ్యమని అడిగి, అఫ్రీన్‌కు ఫోన్ చేసి ఇటు రమ్మన్నాడు.