నీళ్లు దిగని ఏడాది

మొన్న ఆదివారం చర్చి నుంచి వాన్ అనే ఊళ్లోని మా ఇంటికి వస్తూంటే, మా అమ్మాయి కారులో పెట్టిన రేడియోలో, అట్లాంటిక్ ప్రవాహం బలహీనపడుతోందనీ, అది మరీ తగ్గితే యూరప్‌లో చలి ముదిరి, ఎక్కడెక్కడి వానలూ గతి తప్పుతాయనీ చెబుతున్నారు. నాకు పాత ఉద్యోగపు రోజులు గుర్తొచ్చాయి.

పెళ్లయి ఈ దేశపు తూర్పు తీరంలోని హాలిఫాక్స్ వచ్చిన కొత్తలో, బందరులో చదివిన కెమిస్ట్రీ అక్కరకొచ్చి, సముద్రపు నీళ్లను పరీక్షించే ల్యాబ్‌లో నాకు ఉద్యోగం దొరికింది. ఏటా చలి తగ్గాక ఓడెక్కి గ్రీన్‌లాండ్ పక్కనున్న లాబ్రడార్ సముద్రానికి వెళ్లేవాళ్లం. చీరలు మానేసి, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, మావారు కట్టిచ్చిన ఉసిరికాయ పచ్చడి వాసనతో వాంతులు ఆపుకుంటూ, రకరకాల లోతుల నుంచి తోడిన నీళ్లలో ఉప్పెంతుందో చూడటం నా పని. అక్కడ చలికాలపు గాలికి పైనీళ్లు చల్లబడి, బరువెక్కి అడుగుకి దిగుతాయనీ, ఆ చోటులోకి దక్షిణం నుంచి వెచ్చటి నీళ్లు వస్తాయనీ, ఆ వెచ్చదనంతోనే యూరప్ బతుకుతోందనీ మా పెద్ద శాస్త్రవేత్త గారు ఓపిగ్గా చెప్పేవారు.

ఒక ఏడు పైనీళ్లలో ఉప్పు మరీ తక్కువగా తేలింది. సీసాలు సరిగ్గా కడగలేదేమోనని మళ్లీ కడిగి, మళ్లీ కొలిచి, ఉద్యోగం పోతుందన్న భయంతో ఆయనకు చూపించాను.

"నీ తప్పేం లేదమ్మా. ఈ చలికాలం నీళ్లు కిందికి దిగనే లేదు" అన్నారాయన, నెమ్మదిగా.

ఉత్తరాన మంచు కరిగిన ఉప్పులేని నీళ్లు పైన తేలికగా పరుచుకుని, మూత వేసినట్టు ఆపేశాయట. అంత మనిషీ డెక్ మీద చతికిలబడిపోయారు. బందరు పిల్లను కదా, సముద్రమంటే ఉప్పెనగా విరుచుకుపడేదనే నాకు తెలిసిన భయం. ఎదురుగా నిశ్చలంగా మెరుస్తున్న ఆ నీళ్లు లోపల ఆగిపోయాయంటే నమ్మలేకపోయాను.

కొన్నేళ్లకు గట్టి చలి పడి నీళ్లు మళ్లీ దిగాయి. ఓడలో కేకు కోశాం. పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు.

కారు వెనక సీట్లో రేడియో విన్న మనవరాలు, "అమ్మమ్మా, విల్ ఇట్ స్టాప్?" అంది. ఎవరికీ కచ్చితంగా తెలియదమ్మా అన్నాను.

అప్పట్లో ఒక మంచి చలికాలం వస్తే అంతా సర్దుకుంటుందన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు గ్రీన్‌లాండ్ మంచు ఏటా కరిగి ఆ సముద్రంలోకే చేరుతోంది, చలికాలాలే పలచబడ్డాయి. ఈ దేశం వచ్చి, చలి ఎప్పుడు పోతుందా అని కిటికీల దగ్గర కాచుకున్న మన తరం, చలి రావాలని కోరుకునే రోజొకటి వస్తుందని కలలోనైనా అనుకుందా?