నేను నేర్వని పద్యం

దెయ్యాలు, పూనకాలు, పోయినోళ్లు కలలోకొచ్చి చెప్పినారనడం... ఇవేవీ నా కాడ చెల్లవు. ఎవురైనా మొదలుపెడితే "గమ్మునుండప్పా" అని లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నేండ్లూ ఎవురికీ చెప్పలా.

మాది పలమనేరు పక్కన పల్లె. నాయన పొద్దునపూట ఆవుల పాలు పితికి డెయిరీకి పోసేవాడు. ఊర్లల్లో భారతం ఆడిస్తే ద్రౌపది వేషం కట్టేవాడు. మా పక్క వీధినాటకంలో ఆడవేషాలు కూడా మగోళ్లే కడతారు. మీసం తీసేసి, చీర కట్టి, వస్త్రాపహరణంలో నాయన పద్యం ఎత్తుకుంటే ఆడోళ్లు కొంగుతో కండ్లు తుడుచుకునేవాళ్లు. నేను మాత్రం ఏడ్చేదాన్ని కాదు. ఆ వేషం నేను కట్టాలని కుళ్లుకునేదాన్ని.

పదేండ్లప్పుడు నేర్పించమని అడిగినాను. "ఆడబిడ్డకు ఆటెందుకే?" అన్నాడు. మళ్లా అడిగితే చెయ్యెత్తినాడు. నేనూ మొండిదాన్నే. కొట్టం వెనక నిలబడి, ఆయన పాడుకునేది విని విని, ఆయన పద్యాలన్నీ నోటికి తెచ్చుకున్నాను.

పెద్దయినాక తిరుపతికొచ్చి, బట్టలంగట్లో పని చేసుకుంటూ ఒక నాటక సమాజంలో చేరినాను. అదే ఏడు నాయనకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది. ఏం కావాలన్నా పలక మీద రాసేవాడు. నేను నాటకాల్లో చేరినానని చెప్తే ఏమీ రాయలా, మొగం తిప్పుకున్నాడు. నాకూ రోషమొచ్చి ఊరికి పోవడం తగ్గించినాను. ఏడాదిన్నరకు పోయినాడు. ఒప్పుకున్నాడో లేదో తెలీకుండానే పోయినాడే అని ఎంత ఏడ్చినానో నాకే తెలుసు.

సమాజంలో నాకు పెద్ద గండం 'చ'. మా ఊర్లో చీరను సీర అంటాము, చూడును సూడు అంటాము. నాటకాలు రాసి ఆడించే మా సారు "చీర అనమ్మా, చీర" అని ప్రాణం తీసేవాడు. బస్సులో కూడా "చీర, చీర" అని గొణుక్కుంటా ఉంటే, పక్కనామె నేను చీరలమ్ముతాననుకుని ఎంతని అడిగింది! మూడేండ్లు పట్టింది ఆ 'స' వదలడానికి.

ఆ తర్వాత తిరుపతిలోనే నాటక పోటీ వచ్చింది. మా వంతు మధ్యాహ్నం రెండుకు. సినిమా డైరెక్టరు ఒకాయన మూడో వరసలో కూర్చోనుండాడు, తన సినిమాలో తల్లి వేషానికి మనిషిని వెతుక్కుంటా. నాకు అప్పటికే ముప్పై దాటింది. ఇది తప్పితే ఇంకొకటి రాదని తెలుసు. ఈ పొద్దు ఆ వేషం కొట్టి తీరాల్సిందే అనుకుని ఎక్కినాను.

మా హార్మోనియం వాయించేటాయనకు జ్వరమొస్తే, నేనే మునెప్ప తాతను పిలిపించినాను. నాయనకు ముప్పై ఏండ్లు వాయించిన మనిషి. వస్త్రాపహరణం వచ్చింది. సారు రాసిన పద్యం పాడాల. తాత శ్రుతి ఇచ్చినాడు, నేను నోరు తెరిచినాను. ఒక్క ముక్క గుర్తుకు రాలా.

అంతలో నా గొంతు పాడింది. నేను పాడినానని చెప్పలేను. నాలుగు పాదాలు, నిదానంగా, రాగం తీసి. "సీర లాగినోడిది సిగ్గు, నాకెందుకు కృష్ణా" అని ముగిసింది. సారు రాసింది కాదు. నాయన పద్యాల్లోనూ అట్లాంటిది నేనెప్పుడూ వినలా.

హార్మోనియం మధ్యలోనే ఆగిపోయింది. జనం అది నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టినారు. సారు తెర పక్క తల పట్టుకోనుండాడు. సినిమా వేషం నాకే వచ్చింది. ఆ వేషంతోనే ఇన్ని సినిమాలు, ఇన్ని సీరియళ్లు.

దిగినాక "ఏం తాతా, ఆపేసినావు?" అని కోపంగానే అడిగినాను.

"ఆ పద్యం నీకు యాడిది బిడ్డా?" అన్నాడు.

అది నాయన కట్టిందంట. మాట పోయినాక. పలక మీద రాసి, తాతకొక్కడికే చూపించి, తుడిచేసినాడంట. 'సీర' అనే రాసినాడంట. కాయితం మీద పెట్టింది లేదు, ఎవురూ పాడింది లేదు.

నేను నమ్మలా. "నువ్వే నా ముందర పాడింటావు, మర్చిపోయింటావు" అని దబాయించినాను. అయితే నాయనకు మాట పోయినాక, చావింట్లో జనం మధ్య తప్ప, నేను తాతను చూసింది ఆ పొద్దే. ఆ నాటకాన్ని ఎవురో ఫోన్లో తీసిన వీడియో నా కాడ ఉండాది, ఎన్నిసార్లు చూసినానో లెక్కలేదు. ఆ నాలుగు పాదాలు నా నోట్లోకి ఎట్లొచ్చినాయో ఈ పొద్దుకీ చెప్పలేను.

తాత వెళ్తా వెళ్తా ఇంకొక మాట చెప్పినాడు. "నీకు గొంతే లేదు, ఇంక దీన్ని ఎవురు ఎత్తుకుంటారప్పా?" అని ఆ రోజు నాయనను అడిగినాడంట.

నాయన నా పేరు రాసినాడంట.