రమణమ్మ గొంతు ఏ పక్కన?

2022 నాటి సంగతి. ఆత్మకూరులో ఒక ఎరువుల దుకాణం మేడమీద నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. గుడి పాటలు, ఎన్నికల పాటలు, పెళ్లి వీడియోల సంగీతం, ఏది వచ్చినా కాదనను. ఆ వేసవిలో వరికుంటపాడు దగ్గరి పల్లె నుంచి ఒక భజన బృందం వచ్చింది. హార్మోనియం వాయిస్తూ ముందు పాడేది వెంకటసుబ్బయ్య, అరవై దాటిన మనిషి. ఆయన పాడిన చరణాన్ని అందుకుని తిరిగి పాడేది ఆయన భార్య రమణమ్మ. మిగతావాళ్లు డోలక్, తాళాలు వాయించారు.

విడివిడిగా రికార్డు చేసిన గొంతులనూ వాయిద్యాలనూ ఒక పాటగా కలపడాన్ని మిక్సింగ్ అంటాం. అందులో ప్యానింగ్ అని ఒక పని ఉంది. ఏ శబ్దం ఎడమ స్పీకర్లోంచి రావాలి, ఏది కుడి దాంట్లోంచి, ఏది నడిమధ్య నుంచి అన్నది తేల్చడం. అన్నీ మధ్యలోనే కుక్కితే పాట ఇరుకుగా ఉంటుంది. పక్కలకు జరిపితే విశాలంగా వినిపిస్తుంది. నాకా విశాలం మీద మోజు కాస్త ఎక్కువే. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడికి ఎవరు ఏ పక్క కనిపిస్తారో, ఆ పక్క నుంచే వినిపించేలా సర్దుతాను. రమణమ్మ భర్తకు ఎడమ పక్కన కూర్చుని పాడింది. అంటే ఎదుటివాడికి కుడివైపు. అందుకని ఆమె గొంతును పూర్తిగా కుడికి జరిపాను. స్టూడియో స్పీకర్లలో విని ఇద్దరూ మురిసిపోయారు. "నా గొంతు ఇంత బాగుంటాదా!" అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ చలికాలంలోనే రమణమ్మ గుండెపోటుతో పోయింది.

కొన్నాళ్లకు వాళ్ల కొడుకు మాలకొండయ్య తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. అతనికి ఉదయగిరిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తండ్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపలికి వచ్చి తలుపు దగ్గరకు వేశాడు.

"నాయనకి మతి చెడతా ఉండాదన్నా. అమ్మ పాట ఇనమని హెడ్‌ఫోన్ కొనిచ్చినాను. పెట్టుకున్నప్పటి నుంచీ, ఇందులో మీ అమ్మ లేదురా అంటాడు. నేను పెట్టుకుంటే చక్కగా ఇనపడతా ఉండాది. డాక్టరు కాడికి పోదామంటే రాడు. నువ్వన్నా చెప్పన్నా."

పెద్దాయన్ని లోపలికి పిలిచాను. సగానికి సగం చిక్కిపోయాడు.

"ఏంది పెద్దాయనా, ఆమె పాట ఇనపడలేదా?"

"డోలక్కు ఇనపడతాది. నా పాట ఇనపడతాది. అది అందుకునే చోటు మాత్రం ఖాళీ. ఇన్నేండ్లు ఇన్న గొంతు, నేనే మర్చిపోతా ఉండానేమో సామీ. భయంగా ఉండాది."

నా హెడ్‌ఫోన్ చేతికిచ్చి పాట పెట్టాను. ఆయన చూసుకోకుండా దాన్ని తిరగేసి పెట్టుకున్నాడు. కుడి చెవికి పెట్టుకోవాల్సింది ఎడమ చెవికి వచ్చింది. సరిచేద్దామని లేచాను. ఈలోగా రమణమ్మ అందుకునే చోటు వచ్చింది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చినాది," అని బావురుమన్నాడు.

పాట ఆపి, హెడ్‌ఫోన్ తీసి, ఆయన ఎడమ చెవి మూసి, కుడి చెవి పక్కన చిటిక వేశాను. తల తిప్పలేదు. స్పీకర్లలో అయితే ఏ పక్క శబ్దమైనా రెండు చెవులకూ అందుతుంది, హెడ్‌ఫోన్‌లో మాత్రం నేను కుడికి జరిపిన గొంతు కుడి చెవికే వస్తుంది. నేనేం చేస్తున్నానో చూసి ఆయన తల దించుకున్నాడు. తర్వాత కొడుకుతో చెప్పాడు.

"వయసులో బావుల్లో బండలు పేల్చే పనికి పోయినాను గదరా, అప్పుడే ఈ చెవి పోయింది. మీ అమ్మకు తప్ప ఎవురికీ తెలియనీలేదు. చెవిటోడంటే హార్మోనియం కాడ కూర్చోనిస్తారా? అందుకే ఏ పందిట్లో అయినా అది నాకు ఎడం పక్కనే కూర్చునేది. తాళం తప్పితే మోకాలితో పొడిచేది."

మాలకొండయ్య గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "ఆ పక్కన నన్ను కూడా కూర్చోనిచ్చేది కాదన్నా. పట్టింపు అనుకున్నాను," అన్నాడు.

ముందు ఆమె గొంతును నడిమధ్యకు తెచ్చాను. అలా చేస్తే రెండు చెవుల్లోనూ వస్తుంది. పెద్దాయన విన్నాడు కానీ ముఖం విప్పారలేదు.

"ఇనపడతా ఉండాది. నా గొంతే దాన్ని తొక్కేస్తా ఉండాది. నాది తీసెయ్ సామీ."

"తీసేస్తే సగం పాటే గదా పెద్దాయనా?"

"నాది నాకెందుకు సామీ? నేనుండాను గదా."

కొడుక్కి తల్లి గొంతు మధ్యలో ఉన్న పాటనే ఇచ్చాను. ఆయన కోసం ఇంకొకటి చేశాను. ఎడమ పక్క రమణమ్మ ఒక్కతే, కింద సన్నగా తాళాలు. ఆయన గొంతూ, హార్మోనియమూ, డోలక్కూ అన్నీ ఆయనకు వినపడని కుడికి నెట్టేశాను. విశాలమూ లేదు, పొందికా లేదు. మా పనివాళ్లెవరు విన్నా నవ్వుతారు. ఆయన మూలనున్న నా హార్మోనియం ముందుకు లాక్కుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని చరణం ఎత్తుకున్నాడు. పాడి ఆగాడు. మాకు గదిలో ఏమీ వినిపించలేదు. ఆయన మాత్రం అంతా విని, ఎక్కడా తడబడకుండా తర్వాతి చరణం అందుకున్నాడు. మాలకొండయ్య వాళ్ల అమ్మ కూర్చునే పక్కన కాస్త చోటు వదిలి, నేల మీద కూర్చున్నాడు.

ఏ గొంతు ఏ పక్కన ఉండాలో తేల్చేది నా చెవులే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరు పాట తెచ్చినా, యంత్రం ముట్టుకోకముందే అడుగుతాను: దీన్ని వినేదెవరు, వాళ్లకు ఏ పక్కన ఎవరు కూర్చునేవారు?