గంట ఆగేదాకా

ఆలయం కట్టని చోట కూడా కొలువై ఉండే, మంత్రం రాని గొంతు పిలిచినా పలికే పరమేశ్వరుడికి ముందుగా నమస్కారం. ఆ తర్వాతే మనుషుల సంగతి.

తొంభైల చివరి సంవత్సరాలు. ముంబయి దగ్గరి భివండిలో మేముండే నాగావ్‌లో మగ్గాల మోత వినబడని ఇల్లు లేదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలం మేము. మరమగ్గాన్ని సాంచా అంటాం. మాలో కొందరు సాంచాలు నడిపేవాళ్లు, కొందరు వాటికి సేట్లు. నేను పగలు గుడ్డల గోదాములో గుమాస్తాను, సాయంత్రాలు భజన మండలిలో పురాణం చదివేవాణ్ణి.

వినాయక చవితికి ప్రతి మండపంలో ఒక దేఖావా కట్టేవారు. అంటే గణపతి ముందు ఏర్పాటు చేసే పురాణ దృశ్యం. మోటారుతో చెయ్యి ఊపే రాక్షసుడు, కళ్లు తిప్పే ఏనుగు, అలాంటివి. జనం నోరు తెరిచి చూసి, బయట వడాపావ్ తినేలోపు మరిచిపోయేవారు. ఆ ఏడు మా మండపం అధ్యక్షుడు, ఆయనా ఒక సాంచాల సేటే, నన్ను పిలిపించాడు.

"ఈసారి బహుమతి మనకే రావాలె. నువ్వు పురాణాలు చదువుతవు గదా, ఏదన్న కొత్తది చెయ్."

నాకు తెలిసింది ఒకటే. మా కులానికి మూలపురుషుడైన మార్కండేయ మహర్షి కథ చదివేటప్పుడు, యముడి రూపాన్ని ఎంత వర్ణించినా మండలిలోని ఆడవాళ్లు ఒత్తులు చేసుకుంటూనే ఉండేవారు. ఆ పిల్లవాడు పరుగెత్తి వెళ్లి శివలింగాన్ని కౌగిలించుకున్నాడు అనే మాట దగ్గర మాత్రం వాళ్ల చేతులు ఆగేవి. కొందరు తెలియకుండానే చేతులు తమ ఒంటికి చుట్టుకునేవారు. మనిషికి కథ చూపించడం వేరు, మనిషిని కథలో పెట్టడం వేరు. అందుకే యముడి బొమ్మే వద్దన్నాను. లోపలికి వచ్చిన ప్రతివాడూ మార్కండేయుడు కావాలన్నాను.

వెదురు కట్టి, గోనెపట్టాలు రెండు వరసలుగా వేసి, మధ్యలో కార్ఖానాల దూది చెత్త కూరి సొరంగం కట్టాం. తల వంచితే గాని దూరలేని గుమ్మం. లోపల చీకటి. పోనుపోను దారి ఇరుకు. యముడి దున్నపోతు మెడగంట టేపులో మోగుతుంటే, ఆ మోత వెనక నుంచి తరుముకొచ్చేలా స్పీకర్లు పెట్టాం. చివర ఒకే దీపం, దాని కింద నడుమెత్తు శివలింగం. నీళ్ల కుండ చుట్టూ సిమెంటు పోత పోసి చేశాం కాబట్టి ముట్టుకుంటే చల్లగా తగిలేది. వచ్చినవాళ్లు దాన్ని కౌగిలించుకోవాలి. కౌగిలించుకోగానే, టేపు దగ్గర కూర్చున్న మా మనిషి చిన్న కంతలోంచి చూసి గంట ఆపేవాడు. యముడు వెనక్కి తిరిగిపోయాడని అర్థం.

మొదటి సాయంత్రం నేను దీపం పక్కన మరుగున నిలబడ్డాను. సాంచాల మీద పనిచేసే ఇద్దరు చీకట్లో నవ్వుకుంటూ వచ్చారు.

"ఎనుక దున్నపోతు వస్తున్నదిరో, ఉరుకు!"

"దున్నపోతు కాదురా, మా సేటు. నిన్న నాగా చేసిన గదా, ఎతుక్కుంట వచ్చిండు."

అలా నవ్వినవాళ్లే లింగం చుట్టూ చేతులు వేశారు. గంట ఆగింది. దూది కూరిన గోడల్లోంచి బయటి సాంచాల మోత కూడా రాలేదు. నిశ్శబ్దం అంటే ఏమిటో మా ఊళ్లో ఎవరికీ తెలియదు, మేం నిద్రపోయేది కూడా మోతలోనే. ఆ ఇద్దరిలో ఒకడు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లాడు. నేను మనసులోనే స్వామికి మొక్కాను.

అదే సాయంత్రం కాండీలు చుట్టే ఒకామె వచ్చింది. మగ్గం నాడెలో పెట్టే దారపు కండెలనే మేం కాండీలంటాం. భర్త ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో ఉన్నాడు. భజనకు వచ్చే మనిషే కాబట్టి నన్ను గుర్తుపట్టింది.

"గంట ఆగింది. యముడు పోయినట్టేనా అన్నా?"

"పోయినట్టే చెల్లె."

ఆ తర్వాత జనం పెరిగారు. వరస రోడ్డు దాకా పోయింది. అధ్యక్షుడు విసుక్కున్నాడు.

"ఒక్కొక్కలకు గంట ఆపుకుంట కూసుంటే లైన్ ఎప్పుడు కదలాలె? టేపు నడుస్తనే ఉండనీ."

"గంట ఆగకుంటే కథే లేదు సేట్. యముడు పోలేదన్నట్టు గదా."

"యముడు ఏడికి పోతడు? ఎప్పటికైనా ఆయనతోనే పని."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టేపు దగ్గరి మనిషిని వరస తోలడానికి పంపారు. టేపును అలాగే మోగనిచ్చి, ఆ గదికి తాళం వేసి, తాళంచెవి అధ్యక్షుడు జేబులో వేసుకున్నాడు.

బహుమతి పరీక్షకులు రావలసిన సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది. ఇక లాభం లేదని, భర్తను ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారట. వచ్చి లింగాన్ని పట్టుకుంది. గంట మోగుతూనే ఉంది. ఆమె వదల్లేదు. వెనక వరస నిలిచిపోయింది. కార్యకర్తలిద్దరు లోపలికి వచ్చారు.

"ఏందక్కా, జరుగు. చల్ చల్, జల్దీ."

"గంట మోగుతున్నది గదయ్యా. ఎట్ల ఇడుస్త?"

"అది టేపు అక్కా."

"మొన్న నేను పట్టుకున్నంక ఆగింది. అన్నను అడుగుండ్రి."

దీపం పక్కన మరుగులో ఉన్న నేను, అధ్యక్షుడు నిలబడ్డ గేటు దగ్గరికి పరుగెత్తాను. ఒక్కసారి టేపు ఆపమని బతిమాలాను.

"పిచ్చి లేసిందా నీకు? జడ్జీలు వచ్చిండ్రు. మోత లేకుండ ఏం చూపియ్యాలె?"

"ఆమె మొగని పానం మీదికొచ్చింది సేట్."

"దండం పెట్టుకోవాలంటే ముందట గణపతి ఉన్నడు గదా. గా లింగం డెకరేషనే."

తిరిగి వచ్చేసరికి కార్యకర్తలు ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విప్పుతున్నారు. ఒకడు లింగాన్ని పిడికిలితో కొట్టి చూపిస్తున్నాడు. "సిమెంటక్కా గిది, సిమెంటు! లోపల కుండ పెట్టిండ్రు." ఆమె నా వైపు చూసింది. "నువ్వు చెప్పన్నా" అంది. "దేవుడే చెల్లె" అన్నాను. వాళ్లు ఆమెను నడిపించుకుంటూ తీసుకుపోయారు. బయటి గుమ్మం దాకా ఆ గంట ఆమె వెనకే మోగింది.

పరీక్షకులు మెచ్చుకున్నారు. నిజంగా యమలోకం దారిలో నడిచినట్టే ఉందని ఒకాయన అన్నాడు. బహుమతి వచ్చింది. మర్నాడు లింగం చుట్టూ ఇనుప కటకటాలు పెట్టి, ముట్టరాదు అని పలక వేలాడదీశారు.

ఇసుకతో చేసుకున్న లింగంలోనూ స్వామి ఉంటాడని మా మండలిలో చదువుతాం. సిమెంటు ఏం పాపం చేసింది? నమ్మించాలనే కదా అంత కట్టాం. ఒక మనిషి నిజంగా నమ్మేసరికి పిడికిలితో కొట్టి చూపించాం. ఇప్పుడు టికెట్టు పెట్టి ఇలాంటి గుహలు కట్టే పెద్ద పార్కులు వచ్చాయి. వాటిలోకి వెళ్లినప్పుడల్లా నేను చూసేది ఒకటే, భయపెట్టిన మనిషిని తిరిగి ఎలా బయటికి పంపుతున్నారని.

ఆమె భర్త దసరా చూడలేదు. ఆ తర్వాత ఆమె భజనకు రావడం మానేసింది. కొన్నాళ్లకు టెంఘర్ బజారులో కనబడితే, ఎందుకు రావడం లేదని అడిగాను.

"ఆయన పోయేటప్పుడు నాకు గంట ఇనబడ్డదన్నా. గిప్పుడు మీ భజనల తాళాలు మోగినా నాకు గదే ఇనబడుతది."

మరుసటి ఏడు దేఖావా పనికి నేను పోలేదు, ఇప్పటికీ పోను.

ఇది చదివినవారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. స్వామీ, ఆమె నిన్ను వదలలేదు, మనుషులు విడిపించారు. ఆమె చెవుల్లోంచి ఆ మోత తీసెయ్యి. నీ పేరు వింటే ఆమెకు మళ్లీ భయం లేకుండా చెయ్యి. విడిపించినవాళ్లను క్షమించమని కూడా అడగాలి. ఇన్నేళ్లయినా ఆ మాటకు నాకు నోరు రావడం లేదు. ఆ ఒక్కటి మీరు అడగండి.